వీరుల కొట్టుకు చందా కట్టవచ్చునా?

2018 సెప్టెంబరులో ఒక ఆదివారం ప్రొద్దున్నే టెక్సాసు నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. కుశలప్రశ్నలయ్యాక కాస్త తటపటాయించి, "మావయ్యా, ఇక్కడ సూపర్‌హీరోల కోసమే ప్రత్యేకంగా ఒక స్ట్రీమింగు సర్వీసు మొదలుపెట్టారు. సూపర్‌మన్, బ్యాట్‌మన్, వాళ్ళ పరివారం మొత్తం ఒకేచోట ఉంటుందట. ఏడాదికి డెబ్భయి అయిదు డాలర్లు. పాప ఒకటే గొడవ. కట్టమంటారా?" అని అడిగాడు.

సూపర్‌హీరోల సంగతి అరవయ్యేళ్ళు దాటిన నన్నడగడమేమిటని చదువరులకు అనిపించవచ్చు. దానికి కారణం నా ఉద్యోగం. విశాఖపట్నం రేవులో ముప్ఫయ్యేళ్ళకు పైగా ట్యాలీ లెక్కలు వ్రాసినవాణ్ణి. ఓడలో ఏ సరుకు ఎంత ఉన్నదో తెలిపే కాగితం ఒకటి ఓడతోపాటే వస్తుంది. దాన్ని మానిఫెస్టు అంటారు. ట్యాలీ వ్రాసేవాడు ఆ కాగితాన్ని చూస్తాడు గాని నమ్మడు. క్రేను కొక్కేనికి వ్రేలాడుతూ వచ్చి ఒడ్డున దిగిన బస్తాలనే లెక్కపెడతాడు. కాగితంలో ఉండి ఒడ్డుకు రానిది ఎంత, కాగితంలో లేకుండా దిగినది ఎంత, ఈ రెండే అతని ప్రపంచం. ఈ బుద్ధి నాతో ఇంటికి కూడా వచ్చింది. ఫ్రిజ్జు కొనాలన్నా, చీటీ పాడాలన్నా మా బంధువులు నన్ను పిలిచి "ఇది కిట్టుతుందా?" అని అడగడం అలా అలవాటైపోయింది.

ఆ రోజు నేను వద్దన్నాను. ఆ మాట సగం ఒప్పు, సగం తప్పు. తప్పయిన సగమేదో తెలియడానికి నాకు రెండేళ్ళకు పైగా పట్టింది. ఇప్పుడు ఆ సేవ లేదు గనుక లెక్క ముగించి చూసుకోవచ్చు.

ముందుగా ఆ సేవ గురించి. దాని పేరు డీసీ యూనివర్స్. 2018 సెప్టెంబరు 15న, అమెరికాలో 'బ్యాట్‌మన్ డే' అని జరుపుకొనే రోజున మొదలయింది. నెలకు 7.99 డాలర్లు, ఏడాదికి ఒకేసారి కడితే 74.99. నెలనెలా కడితే పన్నెండు నెలలకు 95.88 అవుతుంది కాబట్టి ఏడాది చందాలో దగ్గర దగ్గర 21 డాలర్లు మిగులుతాయి. అయితే ఆ మిగులు మన చేతికి రావాలంటే కనీసం పదో నెల దాకా మనమూ ఉండాలి, అంగడీ ఉండాలి. కొత్త కొట్టుకు ఏడాది సొమ్ము ముందే ఇవ్వడమంటే కొట్టువాడికి మనమే అప్పు పెట్టడం.

ఇక మానిఫెస్టు. రాబోయే కొత్త ధారావాహికలంటూ పెద్ద జాబితా ప్రకటించారు. 'టైటన్స్' అక్టోబరు 12న వస్తుందన్నారు. ఆ తర్వాత 'డూమ్ పెట్రోల్', 'స్వాంప్ థింగ్', 'హార్లీ క్విన్', 'యంగ్ జస్టిస్' మూడో విడత. వీటిలో ఒక్కటీ మొదటి రోజున ఒడ్డున లేదు. అప్పటికి దిగిన సరుకంతా పాతది. 1992లో మొదలైన బ్యాట్‌మన్ కార్టూను, క్రిస్టఫర్ రీవ్ నటించిన 1978 నాటి 'సూపర్‌మన్', డెబ్భయ్యవ దశకంలో లిండా కార్టర్ వేసిన 'వండర్ ఉమన్', వాటితోపాటు తెరమీద చదువుకొనేందుకు సుమారు 2,500 కామిక్సు. నేను మేనల్లుడి చేత ఇవన్నీ ఒక్కొక్కటిగా చదివించుకొని, "కొత్త సరుకు ఇంకా సముద్రంలో ఉంది. పాత సరుకుకు ఎవడైనా ఏడాది సొమ్ము కడతాడా?" అన్నాను.

మరొక అనుమానం కూడా చెప్పాను. ఆ వీరులందరికీ యజమాని అయిన టైమ్ వార్నర్ సంస్థను ఏటీ అండ్ టీ అనే టెలిఫోను కంపెనీ అదే ఏడు జూన్‌లో కొనేసింది. ఓడ చేతులు మారితే పాత యజమాని ఒప్పుకొన్న బేరాలు కొత్త యజమానికి నచ్చకపోవడం రేవులో ఎన్నోసార్లు చూశాను. "ఒక్క నెలకు కట్టి చూడు. ఏడాదికి మాత్రం వద్దు," అని తేల్చాను. మేనల్లుడు "అలాగే మావయ్యా" అన్నాడు. సాయంత్రానికి ఏడాదికి కట్టేశాడు. ఏడేళ్ళ ఆడపిల్ల ముందు మేనమామ మాట ఎంత నిలుస్తుంది?

నిజానికి నా సొంత బాల్యాన్ని ఒక్కసారి తలచుకొని ఉంటే నేనామాట అనేవాణ్ణి కాను. డెబ్భయ్యవ దశకంలో కంచరపాలెంలో మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రేకు తలుపు, లోపల నాలుగు బల్లలు, బల్లల మీద అట్టలు చిరిగితే గోధుమరంగు కాగితం అంటించిన నవలలు. ముందు కొంత డిపాజిట్టు కట్టాలి, ఆ పైన రోజుకు ఇంతని అద్దె. మా వయసు కుర్రాళ్ళందరికీ అప్పుడు మధుబాబు గారి షాడో తప్ప వేరే దేవుడు లేడు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ పెద్దవాళ్ళ వీరుడు, మర్యాదస్తుడు. షాడో మావాడు. గోడలు దూకుతాడు, ఒంటిచేత్తో పదిమందిని పడగొడతాడు, దేశదేశాలు తిరుగుతాడు. అతడు ఒంటిమీద పైపంచె కట్టుకొని గాలిలో ఎగరకపోవచ్చు గాని, తెలుగు కుర్రాళ్ళకు సూపర్‌హీరో అంటే అప్పట్లో అతడే.

డిపాజిట్టు కట్టించేది కొత్త షాడో. కాని కొత్త షాడో ఎప్పుడూ కొట్టులో ఉండేది కాదు. "బయట ఉంది, గురువారం రా" అనేవాడు కొట్టాయన, పొడుగాటి నోటుపుస్తకంలోంచి తల ఎత్తకుండానే. గురువారం వెళ్తే మరొకరు పట్టుకుపోయి ఉండేవారు. ఉత్త చేతులతో తిరిగి రావడమెందుకని పాతది ఏదో ఒకటి తెచ్చుకొనేవాళ్ళం. అలా తెచ్చుకొన్న పాత పుస్తకాల వల్లనే నాకు చదవడమంటే ఏమిటో తెలిసింది. ఆ కొట్టు కొత్త పుస్తకాన్ని చూపించి మమ్మల్ని పిలిచేది, పాత పుస్తకాలతో మమ్మల్ని నిలుపుకొనేది. ఈ సంగతి అంత బాగా ఎరిగినవాణ్ణి 2018లో ఫోనులో ఎందుకు మరచిపోయానో ఇప్పటికీ అర్థం కాదు. సరుకు డాలర్లలో ఉంటే బుద్ధి కొంచెం మందగిస్తుందేమో.

దానికంటే ముందుది చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన ఆ పత్రిక మా ఇంట్లోకి మా నాన్నగారు మనియార్డరు చేసిన చందాతో వచ్చేది. నెల మొదట్లో పోస్టుమాన్ సైకిలు గంట కోసం చెవులు రిక్కించుకొని కూర్చొనేవాళ్ళం. దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలే మాకు ముఖ్యం. ఆయన 1952లో ఆ పత్రికలో చేరి, దశాబ్దాలపాటు ఒకదాని తర్వాత ఒకటిగా 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' వంటివి వ్రాస్తూనే పోయారు. చాలాకాలం వాటిమీద ఆయన పేరు కూడా ఉండేది కాదు. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి, 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు మా ఇంటి మనుషులైపోయారు.

ఈ వీరులకూ అమెరికా వీరులకూ ఒక తేడా ఉంది. దాసరి గారి కథల్లో అతీతశక్తులు సాధారణంగా ఎదుటివాడి దగ్గర ఉంటాయి. మాంత్రికుడి దగ్గర, రాక్షసుడి దగ్గర, ఏదో ద్వీపంలో దాగిన దుష్టుడి దగ్గర. మనవాడికి ఉండేది ఒక కత్తి, ఒక స్నేహితుడు, కొంచెం సమయస్ఫూర్తి. శక్తి పుట్టుకతో వచ్చే సూపర్‌మన్ కథ విన్నప్పుడు నాకు మొదట్లో అది అన్యాయమనిపించేది. పరీక్షకు ముందే ప్రశ్నపత్రం చేతికిచ్చినట్టు ఉండేది.

అలాగని తెలుగువాళ్ళు సూపర్‌మన్‌ను ముట్టుకోలేదని కాదు. 1980లో వి. మధుసూదనరావు గారి దర్శకత్వంలో 'సూపర్‌మన్' అనే పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది. కథానాయకుడు ఎన్.టి. రామారావు గారు. క్రిస్టఫర్ రీవ్ సినిమా వచ్చిన రెండేళ్ళకే. అయితే అమెరికా సూపర్‌మన్ వేరే గ్రహం నుంచి వస్తే, మన సూపర్‌మన్‌కు శక్తి ఆంజనేయస్వామి అనుగ్రహం వల్ల వచ్చింది. నేను దాన్ని మిత్రులతో కలిసి నేల టిక్కెట్టులో చూశాను. నవ్వుకొన్నాం, ఈలలు వేశాం, బయటికి వచ్చి మళ్ళీ నవ్వుకొన్నాం. కాని దుస్తులు అరువు తెచ్చుకొన్నా దేవుణ్ణి మాత్రం ఇంట్లోంచే తీసుకొన్నారన్న సంగతి అప్పుడు గమనించలేదు. నలభై నాలుగేళ్ళ తర్వాత, 2024 జనవరి 12న ప్రశాంత్ వర్మ 'హనుమాన్' వచ్చినప్పుడు గాని అది నాకు వెలగలేదు. అక్కడ కూడా కుర్రవాడి శక్తికి మూలం హనుమంతుడే.

మా మేనల్లుడి తరానికి చందాలేని వీరుడొకడు దొరికాడు. మా బావగారు విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో ఊరూరా నినాదాలు రేగాక, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశాక, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు జాతికి అంకితం చేసిన కర్మాగారమది. శంకుస్థాపనకూ అంకితానికీ మధ్య ఇరవయ్యొక్క ఏళ్ళు. మానిఫెస్టుకూ ఒడ్డున దిగిన సరుకుకూ నడుమ ఎంత కాలం పట్టవచ్చునో విశాఖవాసులకు వేరే చెప్పనక్కరలేదు. సరే, ఉక్కునగరం క్వార్టర్సులో పెరిగిన మావాడికి 1997 సెప్టెంబరు నుంచి దూరదర్శన్‌లో 'శక్తిమాన్' వచ్చేది. ముఖేష్ ఖన్నా గిరగిర తిరుగుతూ మాయమవుతుంటే వీడు హాలులో తిరిగి తిరిగి క్రిందపడేవాడు. హిందీ సగమే అర్థమయ్యేది. ఆ సగంతోనే 2005 దాకా దేశమంతా చూసింది. ఆ వీరుడికి ఎవరూ చందా కట్టలేదు. ఒక టీవీ ఉంటే చాలు. అది కూడా లేకపోతే పక్కవాళ్ళ కిటికీ చాలు.

మళ్ళీ డాలర్ల దగ్గరికి వస్తాను. డీసీ యూనివర్స్ ఓడ నుంచి సరుకు ఎలా దిగిందో చూడండి. 'టైటన్స్' చెప్పిన రోజునే వచ్చింది. కాని అది పిల్లలు చూడదగినది కాదు, అందులో రక్తమూ బూతూ ధారాళం. మావాడు దాన్ని పాపకు కనబడకుండా దాచవలసి వచ్చింది. అక్కడ బొమ్మల అంగడిలా కనిపించిన కొట్టులో కొత్త సరుకు ఎక్కువభాగం పెద్దవాళ్ళదే. అసలు వింత ఏమిటంటే, ఈ 'టైటన్స్' మూడు నెలలకే, 2019 జనవరిలో, మన దేశంలో నెట్‌ఫ్లిక్సులో వచ్చేసింది. అంటే డీసీ యూనివర్స్‌కు చందా కట్టే వీలే లేని విశాఖపట్నంలో కూర్చొని నేను చూడగలిగాను. చూశాను కూడా. రెండు భాగాల తర్వాత మానేశాను.

'స్వాంప్ థింగ్' కథ మరీ విచారకరం. ఉత్తర కరోలినాలోని విల్మింగ్టన్‌లో దాన్ని చిత్రించారు. అదీ మా ఊరిలాగే ఒక రేవు పట్టణం, అందుకే ఆ పేరు నాకు గుర్తుండిపోయింది. పదమూడు భాగాలనుకొన్నదాన్ని చిత్రీకరణ నడుస్తూండగానే పదికి కుదించారు. 2019 మే 31న మొదటి భాగం విడుదలైంది. వారం తిరక్కుండానే ఇక రెండో విడత ఉండదని తేల్చారు. జనం బాగుందన్నారు, విమర్శకులు బాగుందన్నారు. అయినా ఆపేశారు.

ఇందుకు మూలం నేను ముందు అనుమానించినదే. టెలిఫోను కంపెనీ తనకంటూ ఒక పెద్ద బజారు పెట్టదలచింది. 2020 మే 27న హెచ్‌బీఓ మ్యాక్స్ తెరిచింది. ఒకే యజమానికి పెద్ద బజారూ చిన్న కొట్టూ రెండూ ఎందుకు? 2020 సెప్టెంబరులో ధారావాహికలన్నీ పెద్ద బజారుకు తరలుతాయని ప్రకటించారు. 2021 జనవరి 21న డీసీ యూనివర్స్ పేరు డీసీ యూనివర్స్ ఇన్ఫినిట్‌గా మారి, అందులో కామిక్సు మాత్రమే మిగిలాయి. సినిమాలూ ధారావాహికలూ చూపిన వీరుల కొట్టు ఆయుష్షు రెండేళ్ళ నాలుగు నెలలు. వీరుల కోసం చందా కట్టినవాడు వాళ్ళను మళ్ళీ చూడాలంటే వేరే చోట మళ్ళీ కట్టుకోవాలి.

ఇంతవరకు నా లెక్క ఒప్పు. ఫోను చేసి మేనల్లుడితో ఆ మాట అన్నాను కూడా. పెద్దవాళ్ళకు ఆ చిన్న ఆనందం ఎలాగూ తప్పదు. వాడు నవ్వి, "మావయ్యా, పాపతో మాట్లాడండి" అని ఫోను దానికిచ్చాడు.

2019 ఏప్రిల్‌లో ఆ సేవవారు ఎంపిక చేసిన రెండున్నర వేల కామిక్సు స్థానంలో 20,000కు పైగా కామిక్సు తెరిచారు. అదనపు రుసుము లేదు. నేను కొసరుగా లెక్కించిన సరుకు అది. కరోనా వచ్చి బడి మూతపడిన 2020లో మా పాప వాటిలో పడింది. ధారావాహికలు దానికి చూపించరు, కార్టూన్లు అయిపోయాయి, ఇక మిగిలింది చదవడమే. అప్పటిదాకా తల్లి బలవంతం మీద రోజుకు పది నిమిషాలు చదివే పిల్ల వెనక్కి వెనక్కి పోయి, 1938 నాటి మొట్టమొదటి సూపర్‌మన్ కథ దాకా వెళ్ళింది.

"తాతయ్యా, నీకో సంగతి తెలుసా? మొదట్లో సూపర్‌మన్‌కు ఎగరడం రాదు. దూకేవాడంతే. పెద్ద పెద్ద బిల్డింగుల మీంచి దూకేవాడు. ఎగరడం తర్వాత నేర్చుకొన్నాడు," అంది.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మన హనుమంతుడు కూడా దూకాడు. సాగరలంఘనం అనే కదా అంటాం. మహేంద్రగిరి మీద కాళ్ళు తన్నిపెట్టి ఒక్క ఉదుటున లంఘించాడు. నేను ఆ కథ దానికి చెప్పాను. సముద్రం మధ్యలో మైనాకుడు లేచి విశ్రాంతి తీసుకోమనడం, సురస నోరు తెరవడం, ఈయన బొటనవ్రేలంత అయి లోపలికి వెళ్ళి బయటికి రావడం. "ఇది ఏ యాప్‌లో ఉంది?" అని అడిగింది. పుస్తకంలో ఉంది తల్లీ అన్నాను. "అయితే చందమామలో ఉన్న వీరులు ఎక్కడ ఉన్నారు? నాన్న చెప్పాడు, నీ దగ్గర ఉన్నాయట," అంది.

అప్పుడు తెలిసింది నా ట్యాలీలో తప్పెక్కడో. కొత్త సరుకు దిగిందా లేదా అనే లెక్కలో పడి, గిడ్డంగిలో ఉన్నదాని విలువ సున్నా వేశాను. ఆ డెబ్భయి అయిదు డాలర్లు వసూలైనవి ఆ సున్నాలోనే. మావాడు ఆ ధారావాహికల్లో పూర్తిగా చూసినది ఒకటో రెండో. పిల్ల చదివినవి ఎన్నో దానికే తెలియదు. చివరికి ఆ సేవ నుంచి బ్రతికి బయటపడినది కూడా ఆ గిడ్డంగే కదా, పేరు మార్చుకొనైనా.

పాప అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. తెలుగు వీరులకు అలాంటి గిడ్డంగి లేదు. మన వీరులు తలొక కొట్టులో చెల్లాచెదరుగా ఉన్నారు. 'హనుమాన్' తెలుగులో 2024 మార్చి 17 నుంచి జీ5లో. అదే ఏడు 'కల్కి 2898 ఏడీ' తెలుగు ప్రతి ప్రైమ్ వీడియోలో, హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్సులో, రెండూ ఆగస్టు 22నే. పొరుగువారి 'మిన్నల్ మురళి' 2021 డిసెంబరు 24న తెలుగు మాటలతో నెట్‌ఫ్లిక్సులో వచ్చింది. అది నాకు చాలా నచ్చింది, ఆ దర్జీ కుర్రవాడికి మెరుపు తగలడం మా చందమామ పద్ధతికి దగ్గరగా ఉంటుంది. మార్వెల్ వీరులు 2020 ఏప్రిల్ నుంచి డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో. ఆ కొట్టులోని హెచ్‌బీఓ సరుకు 2023 మార్చి 31తో ఖాళీ అయి జియో సినిమాకు పోయింది. చివరికి 2025 ఫిబ్రవరి 14న రెండు కొట్లూ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాయి. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడానికే ఒక ట్యాలీ క్లర్కు కావాలి.

అచ్చంగా తెలుగుకోసమని 2020లో మొదలైన ఆహా తొలినాళ్ళలో ఏడాదికి 365 రూపాయలు అడిగింది. రోజుకు రూపాయి లెక్క నాలాంటివాడికి వెంటనే అర్థమైంది, వెంటనే కట్టాను. మా విశాఖలోనే మరొక ప్రయోగం జరిగింది. 2023 జూన్ 2న ఏపీ ఫైబర్‌నెట్ వారు 'ఫస్ట్ డే ఫస్ట్ షో' అని ఇక్కడ ప్రారంభించారు. సినిమా విడుదలైన రోజునే ఇంట్లో చూడవచ్చునన్నారు, అప్పట్లో 99 రూపాయలు కడితే 24 గంటలు మనది. మొదటి సినిమా పేరు 'నిరీక్షణ'. విడుదల రోజునే చూపిస్తామన్న పథకానికి ఆ పేరు కుదరడం చూసి మా ఇంట్లో అందరం నవ్వుకొన్నాం. ఈ పద్ధతి నాకు ఏడాది చందాకన్నా న్యాయంగా తోస్తుంది. కంచరపాలెం కొట్టులో రోజు అద్దెకు ఇది మనవరాలు. కొట్టువాడికి నేను అప్పు పెట్టనక్కరలేదు. అయితే ఇది కొత్త సరుకు లెక్క మాత్రమే. గిడ్డంగి ఇక్కడా లేదు.

చందమామకు ఒకప్పుడు గిడ్డంగి ఉండేది. పత్రిక వెబ్‌సైటులో 1947 నుంచి పాత సంచికలను పుట పుటా ఉచితంగా చదువుకొనే ఏర్పాటు చేశారు. రేవులో భోజన విరామంలో నేనూ కొన్ని చదివాను. 1998లో ఒకసారి ఆగి, 1999 చివర మళ్ళీ మొదలై, 2007లో చేతులు మారిన ఆ పత్రిక తర్వాత కొన్నేళ్ళకు మూతబడింది. వెబ్‌సైటు కూడా పోయింది. కాగితపు ప్రతులు కొనుక్కొన్నవాళ్ళ దగ్గర అవి ఉన్నాయి. తెరమీద చదువుకొన్న మాకు జ్ఞాపకం మిగిలింది. కొందరు అభిమానులు ముందుచూపుతో స్కాన్ చేసి పెట్టుకొన్నారు, వాళ్ళకు నమస్కారం.

కాగితానికి మృత్యువు లేదని నేననను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరిమీద పడ్డప్పుడు మా పడమటి గది కిటికీ రెక్కలు ఊడిపోయాయి. నాన్నగారు బైండు చేయించిన చందమామలు ఆ గదిలోని బీరువా పైనే ఉండేవి. ఆరు రోజులు మాకు కరెంటు లేదు, ఫోను లేదు, ఇంటర్నెట్టు మాట దేవుడెరుగు. తడిసిన బైండ్లను డాబామీద ఎండబెట్టి, ఆ ఆరు రోజులూ వాటిని విప్పి విప్పి చదివాను. ఊళ్ళో చెట్టన్నది నిలబడి లేదు, మేము కొవ్వొత్తి పెట్టుకొని 'రాకాసిలోయ'లో ఉన్నాం. ఆ వారంలో ఏ స్ట్రీమింగు సేవా నాకు ఆ పని చేసిపెట్టగలిగేది కాదు. అలాగని రెండు బైండ్లు ఎందుకూ పనికిరాకుండా పోయాయన్నదీ నిజమే.

పాప అడిగిన తర్వాత మిగిలినవాటిలోంచి 'శిథిలాలయం' ఉన్న బైండు దించాను. అప్పటినుంచి ఆదివారం మాకు రాత్రి, వాళ్ళకు ప్రొద్దున, వీడియోలో ఒక భాగం చదువుతున్నాను. బొమ్మ వచ్చినప్పుడల్లా పుట కెమెరాకు ఎదురుగా పట్టుకొంటాను. చిత్రా గారి గీతలు దానికి బ్యాట్‌మన్ గీతలకన్నా నచ్చాయో లేదో అడగలేదు, అడిగితే మొహమాటానికి నచ్చాయంటుంది. తెలుగు సగమే అర్థమవుతోంది. వాళ్ళ నాన్నకు శక్తిమాన్ హిందీ అర్థమైనంత. ప్రతి భాగం చివర 'ఇంకా ఉంది' అని వచ్చేసరికి మాత్రం నాకన్నా ముందే అనేస్తుంది.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు మరొక కొత్త సేవ గురించి అడిగాడు. పాపకు ఇప్పుడు వాటిమీద మోజు తగ్గింది, వాడికే ఉంది. ముందు పాత సరుకు జాబితా పంపమన్నాను. కొత్తగా రాబోయేవాటి పేర్లు అక్కరలేదని కూడా చెప్పాను. జాబితా వచ్చింది. అందులో పాతవి పట్టుమని ముప్ఫయి లేవు. ఒక్క నెలకే కట్టమన్నాను. ఈసారి విన్నాడు.

'శిథిలాలయం'లో ఒకచోట రెండు పుటలు తుఫాను తడికి అంటుకుపోయి ఉన్నాయి. ఆ సీరియళ్ళు తర్వాత పుస్తకాలుగా వచ్చాయి గనుక కథకు లోటు లేదు, కొనుక్కోవచ్చు. కాని ఆ రెండు పుటల మధ్య రంగుల బొమ్మ ఒకటి ఉంది. అంచున ఒక గుర్రం తోక మాత్రం కనబడుతోంది. నీళ్ళు మరిగించి ఆవిరి పట్టి, పల్చటి కత్తితో నెమ్మదిగా విడదీయవచ్చునని పాప ఎక్కడో చూసి చెప్పింది. పోయిన ఆదివారం గిన్నె పొయ్యిమీద పెట్టి, మళ్ళీ దించేశాను.